ఎక్స్‌రే గదిలో కొలువు.. డోసు లెక్క తెలిస్తేనే విలువ!

ఎల్లారెడ్డి దగ్గర ఓ పల్లె నుంచి బీడీలు చుట్టే ఒక అవ్వ దగ్గుతో ఆసుపత్రికి వచ్చింది అనుకుందాం. డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే రాశారు. గదిలో మెషీన్ దగ్గర నిలబడి ఉన్నది మీరే. వయసు 22. కొత్తగా చేరారు. ‘‘ఊపిరి గట్టిగ పీల్చుకో అవ్వా.. ఆపు.. ఇగ వదిలెయ్’’ అన్నారు. బటన్ నొక్కారు. సెకనులో వందో వంతు. పని అయిపోయింది.

ఆ సెకనులో వందో వంతు కాలంలో ఆమె ఒంట్లోకి ఎంత రేడియేషన్ వెళ్లింది? దాన్ని నిర్ణయించింది ఎవరు? మెషీన్ కాదు, డాక్టర్ కూడా కాదు. ఎన్ని కేవీ పెట్టాలి, ఎన్ని ఎంఏఎస్ ఇవ్వాలి, ట్యూబు ఎంత దూరంలో ఉండాలి, వెలుగు చట్రం ఎంత వెడల్పు తెరవాలి.. ఇవన్నీ మీ వేళ్లే తేల్చాయి. అంటే ఆ అవ్వకు అందిన డోసు మీరు రాసిన మందు చీటీ లాంటిది. తేడా ఒక్కటే. మందు చీటీ మీద మోతాదు కనిపిస్తుంది, ఇది కనిపించదు.

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మెడికల్ కాలేజీ వస్తే దాని వెంట రేడియాలజీ విభాగం, సీటీ, అల్ట్రాసౌండ్, డిజిటల్ ఎక్స్‌రే, వాటిని నడిపే మనుషులు రావాల్సిందే. ప్రైవేటు నర్సింగ్ హోములు, డయాగ్నస్టిక్ సెంటర్లు ఎలాగూ ఉన్నాయి. ఇంటర్‌ బైపీసీ, ఎంపీసీ చదివి ‘ఎంబీబీఎస్ రాలేదు, ఇంజినీరింగ్ ఇష్టం లేదు’ అనుకునే వాళ్లు మన దగ్గర బోలెడు మంది. వాళ్లలో చాలామంది చూపు ల్యాబ్ టెక్నీషియన్ దాకా వెళ్లి ఆగిపోతుంది. ఎక్స్‌రే గది వైపు ఎందుకో పోదు. పోయినా ‘బటన్ నొక్కుడే కదా’ అనే చిన్నచూపు. ఆ బటన్ వెనకాల ఎంత ఫిజిక్స్ ఉందో, ఆ ఫిజిక్స్ తెలిసిన వాళ్లకు ఎన్ని దార్లు ఉన్నాయో ఈ వారం చూద్దాం.

రోగికి పరిమితి లేదు.. అదే అసలు సంగతి

ఇంటర్వ్యూల్లో తరచూ తడబడే ప్రశ్న ఒకటుంది. ‘ఎక్స్‌రే గదిలో పనిచేసే ఉద్యోగికి ఏడాదికి రేడియేషన్ పరిమితి ఎంత? రోగికి ఎంత?’

మొదటి దానికి జవాబు పుస్తకంలో ఉంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ పెట్టిన లెక్క ప్రకారం ఉద్యోగికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. రెండో దానికి చాలామంది ఏదో ఒక అంకె చెప్పేస్తారు. తప్పు. రోగికి పరిమితి అంటూ లేదు. ప్రమాదంలో నుజ్జయిన మనిషికి పది ఎక్స్‌రేలు, రెండు సీటీలు అవసరమైతే తీయాల్సిందే. ‘మీ కోటా అయిపోయింది’ అని వెనక్కి పంపలేం.

పరిమితి లేదు కాబట్టే బాధ్యత ఎక్కువ. దాని స్థానంలో రెండు సూత్రాలు పెట్టారు. ఒకటి, ఈ ఎక్స్‌రే నిజంగా అవసరమా అని తేల్చుకోవడం. అది ప్రధానంగా డాక్టర్ పని. రెండోది, అవసరమైన సమాచారం బొమ్మలో కనిపించేంత డోసు మాత్రమే ఇవ్వడం, అంతకు మించి ఇవ్వకపోవడం. ఇది మీ పని. ఇంగ్లిష్‌లో ఆప్టిమైజేషన్ అనేది దీన్నే. తక్కువ ఇవ్వడం కాదు, సరిపడా ఇవ్వడం. మరీ తగ్గించి బొమ్మ గరుకుగా వస్తే మళ్లీ తీయాలి. అప్పుడు డోసు రెండింతలు.

భయపెట్టడానికి ఇదంతా చెప్పట్లేదు. సరిగ్గా తీసిన ఛాతీ ఎక్స్‌రేకు శరీరం మొత్తానికి లెక్కగట్టే డోసు దాదాపు 0.02 మిల్లీసీవర్ట్. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనందరికీ ఎలాగూ అందే సహజ రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. అంటే ఒక ఛాతీ ఎక్స్‌రే మూడు రోజుల సహజ రేడియేషన్‌తో సమానం. కడుపు సీటీ అయితే 8 మిల్లీసీవర్ట్‌ల చుట్టూ ఉంటుంది, దాదాపు 400 ఛాతీ ఎక్స్‌రేలంత. ఈ తేడా తెలిసినవాడు, ‘ఎక్స్‌రే తీస్తే క్యాన్సర్ వస్తదా బిడ్డా?’ అని అవ్వ అడిగితే తడుముకోకుండా, అబద్ధం చెప్పకుండా జవాబివ్వగలడు.

డోసు కొలిచేది ఎలా?

రంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్‌ కిరణాలను కనిపెట్టినప్పుడు డోసు అనే ఆలోచనే లేదు. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే ప్రయోగాలు చేసిన క్లారెన్స్ డాలీ చేతులకు పుండ్లు పడి, చేతులు తీసేయాల్సి వచ్చి, 1904లో చనిపోయాడు. కొలవడం నేర్చుకున్నది అలాంటి చావుల తర్వాతే.

ఇవాళ ఎక్స్‌రేలో ముఖ్యంగా మూడు కొలతలు వాడతారు. చర్మం మీద కిరణం పడేచోట అందే డోసు ఒకటి, దాన్ని మిల్లీగ్రేలలో చెబుతారు. డోసును అది పడిన వైశాల్యంతో గుణిస్తే వచ్చేది రెండోది. కొత్త మెషీన్లలో ట్యూబు కింద పారదర్శకమైన పలక లాంటి మీటరు ఉండి దీన్ని తెర మీద చూపిస్తుంది. మూడోది పైన చెప్పుకున్న సీవర్ట్ లెక్క. అది నేరుగా కొలిచేది కాదు, అవయవాల సున్నితత్వాన్ని కలిపి లెక్కగట్టేది.

మీటరు లేని పాత మెషీన్ అయితే? అక్కడే ఇంటర్ ఫిజిక్స్ పనికొస్తుంది. ఒక ఉదాహరణ చేద్దాం, కాగితం తీసుకోండి. మెషీన్‌ను పరీక్షించినప్పుడు 70 కేవీ దగ్గర, ట్యూబుకు ఒక మీటరు దూరంలో, ప్రతి ఎంఏఎస్‌కు 0.04 మిల్లీగ్రే వస్తోందని తేలింది అనుకోండి. ఛాతీ ఎక్స్‌రేకు డిటెక్టర్‌ను 180 సెంటీమీటర్ల దూరంలో పెట్టారు. మనిషి మందం పోగా ట్యూబు నుంచి చర్మానికి 155 సెంటీమీటర్లు. 5 ఎంఏఎస్ ఇచ్చారు. 0.04ను 5తో గుణిస్తే 0.2. దూరం వర్గానికి విలోమానుపాతం కాబట్టి 100ను 155తో భాగించి వర్గం చేస్తే 0.416. ఒంట్లోంచి వెనక్కి చెదిరే కిరణాల కోసం 1.35తో గుణించాలి. మొత్తం దాదాపు 0.11 మిల్లీగ్రే.

ఇప్పుడు అదే అవ్వ, అదే మెషీన్. గది ఇరుగ్గా ఉందని డిటెక్టర్‌ను ఒక మీటరులోనే పెట్టారు. గోడకు ఫిల్ముల కాలంలో అతికించిన చార్టు చూసి 10 ఎంఏఎస్ ఇచ్చారు. చర్మానికి దూరం 75 సెంటీమీటర్లే. అదే లెక్క చేస్తే 0.96 మిల్లీగ్రే వస్తుంది. ఎనిమిది రెట్ల పైమాటే! తెర మీద బొమ్మ మాత్రం రెండుసార్లూ చక్కగానే కనిపిస్తుంది. అవ్వకు తేడా తెలియదు, డాక్టరుకూ తెలియదు. తెలియాల్సింది మీకు.

0.96 ఎక్కువా తక్కువా అని ఎలా చెప్పగలం? దానికి పోల్చుకునే గీత ఒకటి కావాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1996లో సాధారణ పెద్దవాళ్లకు కొన్ని మార్గదర్శక విలువలు ఇచ్చింది. ఛాతీకి ముందూ వెనకా తీసే ఎక్స్‌రే 0.4 మిల్లీగ్రే. కడుపు, కటి భాగం 10. నడుం వెన్నెముక ఎదురుగా 10, పక్కనుంచి అయితే 30. అవి ఫిల్ముల కాలం నాటివి. ఇప్పటి డిజిటల్ పరికరాలతో ఇంకా తక్కువలోనే పని జరగాలి. అదే కాలంలో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ‘డయాగ్నస్టిక్ రెఫరెన్స్ లెవెల్’ అనే పద్ధతి తెచ్చింది. చాలా ఆసుపత్రుల్లో ఒకే రకం పరీక్షకు డోసులు సేకరించి, చిన్న నుంచి పెద్దకు పేర్చి, నాలుగింట మూడో వంతు దగ్గర గీత గీస్తారు. మీ ఆసుపత్రి మధ్యస్థ విలువ ఆ గీత పైన ఉంటే ఎక్కడో ఏదో సరిదిద్దాలని అర్థం. నేరం చేశారని కాదు. ఒక్క రోగిని పట్టుకుని ఆ గీతతో పోల్చడం కూడా తప్పే. లావుగా ఉన్నవాళ్లకు ఎక్కువ పడుతుంది మరి. కనీసం 20 మందివి తీసుకుని చూడాలి. మన దేశంలో సాధారణ ఎక్స్‌రే పరీక్షలకు ఇలాంటి గీతలను సూచిస్తూ ఏఈఆర్‌బీ శాస్త్రవేత్తలు 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు.

పై అంకెల్లో ఒకటి మళ్లీ చూడండి. ఛాతీకి 0.4, నడుం పక్క ఎక్స్‌రేకు 30. అంటే 75 రెట్లు. వరి నాట్లు వేసేవాళ్లు, బీడీల చాటలో రోజంతా వంగి కూర్చునేవాళ్లు ఉన్న జిల్లా మనది. నడుం నొప్పి అంటే నడుం ఎక్స్‌రే. ఎక్కడైనా డోసు తగ్గించే ప్రయత్నం మొదలుపెట్టాలంటే నేనైతే ఛాతీ దగ్గర కాదు, నడుం దగ్గర మొదలుపెడతాను.

డిజిటల్ వచ్చింది.. కొత్త తిప్పలు తెచ్చింది

పాతకాలం ఫిల్ముకు ఒక మంచి గుణం ఉండేది. డోసు ఎక్కువైతే నల్లగా మాడిపోయేది, తక్కువైతే తెల్లగా పాలిపోయేది. తప్పు వెంటనే దొరికేది. డిజిటల్ అలా కాదు. అయిదారు రెట్లు ఎక్కువ ఇచ్చినా కంప్యూటర్ సర్ది చక్కటి బొమ్మ చూపిస్తుంది. పైగా డోసు ఎక్కువైతే బొమ్మ ఇంకా నున్నగా వస్తుంది. తక్కువైతే గరుకు వచ్చి ‘మళ్లీ తీయ్’ అంటారు. దాంతో టెక్నీషియన్ మనసులో తెలియకుండానే ఒక లెక్క కుదిరిపోతుంది. కొంచెం ఎక్కువే కొట్టు, తిట్లు తప్పుతాయి! ఈ నెల కొంచెం, వచ్చే నెల ఇంకొంచెం. ఇలా డోసు మెల్లగా పాకుతూ పోవడం ప్రపంచమంతటా ఉన్న జబ్బే.

దీనికి విరుగుడు తెర మీదే ఉంది. ప్రతి డిజిటల్ బొమ్మ మూలన ‘ఎక్స్‌పోజర్ ఇండెక్స్’ అనే అంకె వస్తుంది. దాని పక్కన ‘డీవియేషన్ ఇండెక్స్’. ఈ రెండో దాన్ని గుర్తుపెట్టుకోండి. సున్నా అయితే గురి తగిలినట్టు. ప్లస్ 1 అంటే డిటెక్టర్‌కు 26 శాతం ఎక్కువ అందింది. ప్లస్ 3 అంటే రెండింతలు. మైనస్ 3 అంటే సగం. పైన మనం చేసిన ఉదాహరణలో మొదటి పద్ధతికి సున్నా వచ్చేలా గురి పెట్టి ఉంటే, రెండో పద్ధతికి ప్లస్ 8 చూపించేది. మెషీన్ అరిచి చెబుతూనే ఉంటుంది. ఆ మూల వైపు చూసేవాళ్లు తక్కువ, అంతే.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్న విద్యార్థులకు ఒక సలహా. ఒక నోటు పుస్తకం పెట్టండి. రోజూ తీసిన ఎక్స్‌రేలలో పది తీసుకుని ఏ భాగం, కేవీ, ఎంఏఎస్, దూరం, డీవియేషన్ ఇండెక్స్, మళ్లీ తీయాల్సి వచ్చిందా, వస్తే ఎందుకు అని రాయండి. రోగి పేరు రాయొద్దు. నెల తిరిగేసరికి మీ చేతిలో ఒక చిన్న అధ్యయనం ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశావ్?’ అని అడిగితే ‘ఎక్స్‌రేలు తీశాను సర్’ అనేవాడికీ, ‘రెండు వందల ఎక్స్‌రేలు చూశాను సర్, మళ్లీ తీసినవాటిలో ఎక్కువ భాగం ఊపిరి సరిగ్గా ఆపకపోవడం వల్లే’ అనేవాడికీ తేడా మీకే తెలుస్తుంది.

చేతిలో నాణేలుంటే చాలు

డోసు తగ్గించే పనుల్లో సగానికి పైసా ఖర్చు లేదు. వెలుగు చట్రాన్ని అవసరమైనంత మేరకే తెరవడం అన్నిటికన్నా ముఖ్యం. చేతి ఎక్స్‌రేకు ఛాతీ దాకా వెలుగు పడుతుంటే అది నిర్లక్ష్యమే. చట్రం తగ్గిస్తే రోగికి డోసు తగ్గుతుంది, చెదిరే కిరణాలు తగ్గి బొమ్మ కూడా బాగుపడుతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

అయితే వెలుగు పడినచోటే కిరణం కూడా పడుతోందా? అద్దం కొంచెం పక్కకు జరిగితే వెలుగు ఒకచోట, కిరణం ఇంకోచోట పడతాయి. దీన్ని రూపాయి నాణేలతో పరీక్షించొచ్చు. క్యాసెట్ మీద వెలుగు చట్రం వేసి, నాలుగు అంచుల దగ్గర లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి నాణేలు అంచును తాకేలా పెట్టి తక్కువ ఎక్స్‌పోజర్ ఇవ్వండి. బొమ్మలో లోపలి నాణేలు పూర్తిగా కనిపించి, బయటివి కనిపించకపోతే సరిగ్గా ఉన్నట్టు. తేడా దూరంలో 2 శాతం దాటకూడదు. అంటే మీటరు దూరంలో 2 సెంటీమీటర్లు. దాటితే పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి, ఇంజినీర్ వచ్చి సర్దుతాడు. వెనకటి తరం రేడియోగ్రాఫర్లు ఈ పరీక్షను కళ్లు మూసుకుని చేసేవాళ్లు.

ఇంకో విషయం, పాత పుస్తకాలు చదివినవాళ్లు జాగ్రత్త. రోగి జననాంగాలపై సీసం పలక తప్పనిసరిగా కప్పాలని దశాబ్దాలుగా నేర్పారు. 2019లో అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం దాన్ని మామూలుగా వాడటం ఆపేయమంది. 2021లో అక్కడి రేడియేషన్ రక్షణ మండలి కూడా అదే చెప్పింది. కారణం సూటిగా ఉంటుంది. ఇప్పటి డోసులు చాలా తక్కువ. పలక పక్కకు జరిగి చూడాల్సిన ఎముకను కప్పేస్తే మళ్లీ తీయాలి. ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ ఉన్న మెషీన్‌లో పలక అడ్డొస్తే మెషీన్ తనంతట తనే డోసు పెంచేస్తుంది. మీ ఆసుపత్రి నియమం ఏదో అది పాటించండి, కానీ చర్చ ఎక్కడి దాకా వచ్చిందో తెలిసి ఉండండి. గర్భం ఉందేమోనని వయసులో ఉన్న ప్రతి మహిళనూ అడగడం మాత్రం ఎప్పటికీ మారదు. అది అడగడానికి అబ్బాయిలు మొహమాటపడతారు. మొహమాటం వద్దు. ‘‘అక్కా, నెల తప్పలేదు కదా? ఎక్స్‌రే కాబట్టి అందరినీ అడుగుతాం’’ అంటే ఎవరూ తప్పు పట్టుకోరు.

ఎల్లారెడ్డి నుంచి హైదరాబాద్ దాకా ఒకే కాలు

మన దగ్గర రోగి ప్రయాణం ఎలా ఉంటుందో మీకు తెలుసు. లింగంపేట, గాంధారి, నాగిరెడ్డిపేట వైపు వాళ్లు ముందు ఎల్లారెడ్డి వస్తారు. అక్కడ కాకపోతే కామారెడ్డి. అక్కడి నుంచి నిజామాబాద్ లేదా హైదరాబాద్. బండి మీద నుంచి పడి కాలు విరిగిన కుర్రాడికి దారిలో ప్రతిచోటా ఎక్స్‌రే తీసే అవకాశం ఉంది. ఫిల్ము బస్సులో మరిచిపోయారనో, మడత పడిందనో, బొమ్మ ఫోన్‌లో ఫొటో తీసి తెచ్చారనో మళ్లీ తీస్తారు. ఇందులో ఏ ఒక్కరి తప్పూ ఉండకపోవచ్చు. కానీ డోసు మాత్రం కలుస్తూ పోతుంది, ఖర్చూ అంతే.

ఇక్కడ టెక్నాలజిస్ట్ చేయగలిగింది చాలా ఉంది. టేబుల్ మీద పడుకోబెట్టే ముందే ‘‘ఇంతకుముందు ఎక్కడన్న తీసిన్రా? ఫిల్ము ఉందా?’’ అని అడగడం. ఉంటే డాక్టరుకు చూపించి మళ్లీ అవసరమా అని కనుక్కోవడం. పై ఆసుపత్రికి పంపుతున్నారని తెలిస్తే డిజిటల్ ఫైలు అసలు రూపంలోనే సీడీ మీదో పెన్‌డ్రైవ్ మీదో ఇచ్చే వీలుందేమో చూడటం. ఫిల్మును పాలిథిన్ కవర్‌లో వేసి, మడవొద్దని, ఎండలో పెట్టొద్దని చెప్పడం. రెండు నిమిషాల పని. ఒక ఎక్స్‌రే తప్పిపోతే ఆదా అయ్యే డోసు నూటికి నూరు శాతం. ఎంత మంచి మెషీన్ కొన్నా అంత ఆదా రాదు.

ఏం చదవాలి? ఎక్కడికి వెళ్లొచ్చు?

మొదటి మెట్టు డిప్లొమా. ఇంటర్ తర్వాత పారామెడికల్ బోర్డు పరిధిలోని డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ, రెండేళ్లు. డిగ్రీ కావాలనుకుంటే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో బీఎస్సీ అలైడ్ హెల్త్ సైన్సెస్ కోర్సులు ఉన్నాయి, వాటిలో రేడియాలజీ, ఇమేజింగ్ శాఖ చూడండి. డబ్బు, సమయం ఉంటే డిగ్రీకే నా ఓటు. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. మెడికల్ రేడియాలజీ, ఇమేజింగ్ వృత్తి కూడా దాని కిందికే వస్తుంది. రిజిస్ట్రేషన్, ఒకే ప్రమాణం వైపు దేశం నడుస్తోంది. ఈ సమయంలో గుర్తింపు లేని సంస్థలో ‘ఆరు నెలల ఎక్స్‌రే కోర్సు, వంద శాతం ఉద్యోగం’ అనే పాంప్లెట్ చూసి ఫీజు కట్టారంటే డబ్బులు నీళ్లలో పోసినట్టే. చేరే ముందు బోర్డు జాబితాలో ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.

ఉద్యోగాలంటే జిల్లా, ఏరియా ఆసుపత్రులు, వైద్య కళాశాలలు, ఈఎస్‌ఐ, రైల్వే. రైల్వే నియామక బోర్డుల పారామెడికల్ నోటిఫికేషన్లలో ‘రేడియోగ్రాఫర్ ఎక్స్‌రే టెక్నీషియన్’ పోస్టు ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీతో ఇంటర్, రెండేళ్ల రేడియోగ్రఫీ డిప్లొమా అడుగుతారు. ఏడో వేతన సంఘం అయిదో లెవెల్, ప్రారంభ మూల వేతనం 29,200 రూపాయలు. ప్రైవేటులో మొదటి జీతం చూసి నీరసపడేవాళ్లు ఎక్కువ, అది నిజమే. ఒక్క ఎక్స్‌రే దగ్గరే ఆగిపోకుండా సీటీ, ఎంఆర్‌ఐ, క్యాథ్‌ల్యాబ్ వైపు నేర్చుకుంటూ పోయినవాళ్ల పరిస్థితి వేరు.

ఇక ఎక్కువ మందికి తెలియని దారి. బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థులు ఇది శ్రద్ధగా చదవండి. జిల్లాలోనే భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ ఉంది. ఫిజిక్స్ పీజీ చేసి లెక్చరర్ పోస్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు మనలో ఎంతమంది! ముంబయిలోని బాబా అణు పరిశోధన కేంద్రం రేడియలాజికల్ ఫిజిక్స్‌లో పీజీ డిప్లొమా నడుపుతుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో 60 శాతం ఉన్నవాళ్లు పోటీ పడొచ్చు. వెల్లూరు సీఎంసీ, చెన్నై అన్నా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ ఉంది. ఏయే కోర్సులకు గుర్తింపు ఉందో ఏఈఆర్‌బీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇవి చేసి, ఇంటర్న్‌షిప్ పూర్తిచేస్తే మెడికల్ ఫిజిసిస్ట్. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియోథెరపీకి వీళ్లు లేకుండా మెషీన్ కదలదు. ఎక్స్‌రే, సీటీలలో రోగి డోసును కొలిచి, పోల్చి, తగ్గించే ప్రణాళిక వేయాల్సింది కూడా వీళ్లే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో తప్ప ఆ పని అడిగేవాళ్లు ఇంకా తక్కువగానే ఉన్నారు. చిన్న పట్టణాల్లో ఈ లోటు కనిపిస్తూనే ఉంది.

మెడికల్ ఫిజిక్స్ దాకా వెళ్లలేకపోయినా మధ్యలో ఇంకో పని ఉంది. దేశంలో ఏ ఎక్స్‌రే మెషీన్ నడపాలన్నా ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉండాలి. ‘ఈ-లోరా’ అనే ఆన్‌లైన్ వేదికలో దరఖాస్తు చేస్తారు. ప్రతి రెండేళ్లకోసారి మెషీన్‌కు నాణ్యత పరీక్షలు తప్పనిసరి. కేవీ సెట్ చేసినంతే వస్తోందా, టైమర్ సరిగ్గా ఉందా, ఎంఏఎస్ రెండింతలు చేస్తే డోసూ రెండింతలు అవుతోందా, వెలుగు, కిరణం కలుస్తున్నాయా.. ఇవన్నీ మీటర్లతో చూసి నివేదిక ఇచ్చేవి ఏఈఆర్‌బీ అనుమతి పొందిన ప్రైవేటు సంస్థలు. వాటికి ఎలక్ట్రానిక్స్, బయోమెడికల్, ఫిజిక్స్ నేపథ్యం ఉన్న యువత కావాలి. ఊరూరా తిరిగే ఉద్యోగం, బ్యాగులో మీటర్లు, బైకు. తిరగడం ఇష్టమైనవాళ్లకు బాగుంటుంది. రేడియేషన్ కొలిచే పరికరాల తయారీలో మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌కు దశాబ్దాల అనుభవం ఉందని కూడా గుర్తుంచుకోండి.

బ్యాడ్జీ సంగతి

చివరగా మీ గురించి. ఎక్స్‌రే గదిలో చేరిన మొదటి రోజు అడగాల్సింది జీతం ఏ తేదీకి పడుతుందని కాదు, ‘నా టీఎల్‌డీ బ్యాడ్జీ ఏది?’ అని. ఛాతీ దగ్గర పెట్టుకునే ఈ చిన్న ప్లాస్టిక్ డబ్బీలో మూడు బిళ్లలు ఉంటాయి. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే మీకు ఎంత అందిందో లెక్క వస్తుంది. సీసం ఆప్రాన్ వేసుకుంటే బ్యాడ్జీ దాని లోపలే ఉండాలి. మీది మీకే, ఇంకొకరికి అప్పివ్వకూడదు. డ్యూటీ అయ్యాక ఎక్స్‌రే గదిలో వదిలేయకూడదు. మీరే రోగిగా ఎక్స్‌రే తీయించుకుంటే అప్పుడు తీసి పక్కన పెట్టాలి. ‘కొత్తవాళ్లకు ఇంకా రాలేదు, మూడు నెలలు ఆగు’ అన్నచోట గట్టిగా అడగండి. అడిగితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం సహజమే. కానీ లైసెన్స్ తీసుకున్న యజమాని మీకు బ్యాడ్జీ ఇవ్వాల్సింది దయతో కాదు, నిబంధన ప్రకారం.

ప్రతి సంస్థలో ఏఈఆర్‌బీ ఆమోదించిన రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఒకరు ఉండాలి. చిన్న ఆసుపత్రుల్లో అర్హత ఉన్న రేడియోగ్రాఫరే ఆ బాధ్యత తీసుకునే వీలుంది. చేరాక రెండు మూడేళ్లలో ఆ కుర్చీ మీద కన్నేయండి. అప్పటికి మీ నోటు పుస్తకం నిండి ఉంటుంది. గోడ మీద పాత చార్టు తీసేసి, మీ గదికి, మీ మెషీన్‌కు, మన ఒంటి తీరుకు సరిపోయే కొత్త చార్టు అతికించేది మీరే అవుతారు.